సినిమా పడవకు నమూనా చేయాలంటే కొలతలు రాబట్టడం ఎలా?

సినిమాలో చూసిన పడవకు చిన్న నమూనా చేయబూనినవారి చేతిలో సాధారణంగా ఉండేవి ఆ సినిమా కాపీ, నాలుగు స్టిల్స్ మాత్రమే. ప్లాను దొరకడం చాలా అరుదు. అయినా తెర మీది బొమ్మ నుంచే పనికొచ్చే కొలతలు రాబట్టవచ్చు. అందుకు నికరంగా తెలిసిన కొలత ఒకటి, దాన్ని సరిచూడడానికి మరొకటి, హైస్కూలులో చదివిన రేఖాగణితం కావాలి. అయితే స్కేలు చేతికి తీసుకోకముందే తేల్చుకోవలసిన విషయం, మనం కొలవబోయేది ఏ పడవను అన్నది.

తెర మీద ఒకటిగా కనిపించే పడవ తరచుగా రెండు మూడు పడవల కలయిక. నీటిలో తేలేది ఒకటి, కెమెరాకు చోటిచ్చేందుకు స్టూడియో ఫ్లోరులో ఒక పక్క విప్పి కట్టిన సెట్టు ఇంకొకటి, దూరపు షాట్ల కోసం మినియేచర్ మరొకటి ఉండవచ్చు. కోడంబాక్కం, వడపళని స్టూడియోల ముచ్చట్లు వింటూ పెరిగిన చెన్నై తెలుగువారికి ఇది వింతేమీ కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ కోసం ద్వారకా నగరాన్నే సుమారు 300 బుల్లి ఇళ్లతో నిలబెట్టారు. సెట్టు పడవను పని వీలు కోసం అసలు పడవ కంటే వెడల్పుగా కట్టి ఉండవచ్చు కాబట్టి, ఫ్రేములను ముందుగా బయట తీసినవి, ఫ్లోరులో తీసినవి అని వేరుచేసి, ఒక గుంపులోని కొలతను రెండో గుంపులోకి రానీయకూడదు. పాత సినిమాల్లో వెనక తెర మీద నదిని ప్రొజెక్టు చేసి, ముందు పడవను ఊపుతూ తీసిన దృశ్యాలుంటాయి. అక్కడ ఒడ్డున కనిపించే మనిషిని గాని చెట్టును గాని పడవకు కొలబద్దగా వాడితే లెక్క మొత్తం తప్పుతుంది.

నికరమైన కొలత కొన్ని పడవల విషయంలో సులువుగానే దొరుకుతుంది. 1951 నాటి ‘ది ఆఫ్రికన్ క్వీన్’లో కనిపించే ఆవిరి పడవ 1912లో ఇంగ్లండులో తయారైంది, దాని పొడవు 30 అడుగులు, అంటే 9144 మిల్లీమీటర్లు. పడవ పక్కవాటుగా నిలిచిన ఫ్రేములో అణియం (ముందు భాగం) కొస నుంచి అమరం (వెనక భాగం) కొస దాకా 1500 పిక్సెళ్లు వచ్చాయనుకుంటే, ఒక్కో పిక్సెలు సుమారు 6.1 మిల్లీమీటర్లు అవుతుంది. పొగగొట్టం 300 పిక్సెళ్లు ఉంటే దాని ఎత్తు సుమారు 1830 మిల్లీమీటర్లు.

ఇలాంటి వివరం దొరకని పడవలకు, దాని మీద ఉన్న వస్తువులలోంచే కొలబద్దను వెతుక్కోవాలి. 200 లీటర్ల డ్రమ్ము ఎత్తు సుమారు 88 సెంటీమీటర్లు, వ్యాసం సుమారు 58 సెంటీమీటర్లు. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది కనుక కేబిన్ గోడ మీద షీట్ల అతుకులు కనిపిస్తే పండగే. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఓడల మీది లైఫ్‌బాయ్ (నీళ్లలో పడ్డవారికి విసిరే తేలే చక్రం) బయటి వ్యాసం 800 మిల్లీమీటర్లకు మించకూడదు. పాత సినిమాలకు, నదుల్లో తిరిగే లాంచీలకు ఈ హద్దును నమ్ముకోలేము. అందరూ ముందుగా పట్టుకునే నటుడి ఎత్తును నేను చివరి వరుసలో పెడతాను. ప్రచారంలో చెప్పే ఎత్తు ఒకటి, బూట్లు తొడిగాక ఉండేది ఒకటి, ఊగే పడవలో మోకాళ్లు వంచి నిలబడ్డప్పుడు ఉండేది ఇంకొకటి.

ఫ్రేము తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. డీవీడీలో పాల్ (మన దేశపు టీవీ ప్రమాణం) పద్ధతి ఫ్రేము 720×576 పిక్సెళ్లుగా ఉంటుంది గాని ఆ పిక్సెళ్లు చతురస్రాలు కావు; పాత 4:3 చిత్రమైతే దాన్ని 768×576కి సాగదీసిన తర్వాతే కొలవాలి. అంచులకు దగ్గరగా ఉన్న భాగాలను లెన్సు వంచుతుంది కాబట్టి, పడవ ఫ్రేము నడిమధ్యన ఉన్న షాటునే ఎంచుకోవాలి.

అసలు కష్టమంతా లోతు దగ్గరే ఉంది. కొలబద్ద, కొలిచే వస్తువు కెమెరాకు ఒకే దూరంలో లేకపోతే లెక్క తప్పుతుంది. 2.4 మీటర్ల వెడల్పున్న పడవ నడిగీత కెమెరాకు 12 మీటర్ల దూరంలో ఉంటే, ఇవతలి అంచు 10.8 మీటర్ల దూరంలోనే ఉంటుంది. అంటే నడిమధ్యన నిలబడిన మనిషితో పోలిస్తే ఆ అంచు 11 శాతం పెద్దదిగా కనిపిస్తుంది. అదే కెమెరా 60 మీటర్ల అవతల నుంచి టెలీ లెన్సుతో చూస్తే తేడా 2 శాతానికి పడిపోతుంది. అందుకే పడవ పెద్దగా కనిపించే దగ్గరి షాటు కంటే, కాస్త మసకగా ఉన్నా దూరం నుంచి తీసిన షాటు మేలు.

పడవ నిజంగా పక్కవాటుగానే ఉందా, కొంచెం తిరిగి ఉందా అన్నది కంటికి తెలియదు. 15 డిగ్రీలు తిరిగితే పొడవు 3 శాతానికి పైగా, 30 డిగ్రీలు తిరిగితే 13 శాతం తగ్గి కనిపిస్తుంది; ఎత్తులు మాత్రం తగ్గవు. ఇక్కడ పడవ పక్కన దెబ్బ తగలకుండా వేలాడదీసే పాత టైరు చక్కగా అక్కరకొస్తుంది. టైరు నిజానికి గుండ్రం కనుక, బొమ్మలో దాని వెడల్పును ఎత్తుతో భాగిస్తే వచ్చేది ఆ కోణపు కొసైన్. వెడల్పు 87 పిక్సెళ్లు, ఎత్తు 100 పిక్సెళ్లు ఉంటే పడవ సుమారు 30 డిగ్రీలు తిరిగి ఉందన్నమాట. బొమ్మలోని పొడవును 0.87తో భాగిస్తే అసలు పొడవుకు దగ్గరగా వస్తాము. టైరు నిటారుగా ఉన్న పక్కకు ఆనుకుని ఉన్నప్పుడే ఈ లెక్క పనిచేస్తుంది, అణియం దగ్గర వాలిన పలక మీద వేలాడే టైరును వదిలేయాలి.

ఇంకా ఏటవాలుగా తీసిన ఫ్రేములే దొరికితే కొసైన్ చాలదు, ఎందుకంటే దూరంగా పోయేకొద్దీ ఒకే పొడవు చిన్నదవుతూ ఉంటుంది. అప్పుడు ఒకే సరళరేఖ మీద ఉన్న నాలుగు బిందువుల సూత్రాన్ని వాడాలి. క, ఖ, గ, ఘ అనే బిందువులు వరుసగా ఉంటే, కగ × ఖఘ విలువను ఖగ × కఘ విలువతో భాగించగా వచ్చే సంఖ్య బొమ్మలోనూ అసలు పడవలోనూ ఒకటే. కేబిన్ పక్కన సమాన దూరంలో నిలిచిన మూడు స్తంభాల అడుగులు బొమ్మలో 0, 300, 540 పిక్సెళ్ల దగ్గర, అదే గీత మీద కేబిన్ చివర 900 దగ్గర పడ్డాయనుకుందాం. 540ని 600తో గుణించి, 240, 900ల లబ్ధంతో భాగిస్తే 1.5 వస్తుంది. అసలులో స్తంభాలు 0, 1, 2 ఎడాల దగ్గర ఉన్నాయి కనుక, చివర ఎక్కడ ఉంటే మళ్లీ 1.5 వస్తుందో చూస్తే జవాబు 4. స్తంభాల ఎడం 600 మిల్లీమీటర్లయితే మొదటి స్తంభం నుంచి కేబిన్ చివర దాకా 2400 మిల్లీమీటర్లు.

ఈ పద్ధతులను సినిమా మీద ప్రయోగించే ముందు మన కళ్లెదుట ఉన్న పడవ మీద పరీక్షించుకోవడం మంచిది. చెన్నైవారికి కాశిమేడు రేవు, ముట్టుకాడు బోట్‌హౌస్ ఉండనే ఉన్నాయి. యజమానిని అడిగి, ఫోనులో వైడ్ మోడు వాడకుండా, వీలైనంత వెనక్కి వెళ్లి జూముతో రెండు మూడు కోణాల్లో ఫొటోలు తీసి, ఇంట్లో లెక్కగట్టిన తర్వాత మళ్లీ వెళ్లి టేపుతో కొలవాలి. వచ్చిన తేడా ఎంత శాతమో, సినిమా పడవ కొలతల్లోనూ కనీసం అంత తేడా ఉంటుందని ముందే లెక్కలో వేసుకోవచ్చు.

నీటి కింది భాగం ఏ ఫ్రేములోనూ కనిపించదు. పడవను ఒడ్డుకు లాగిన దృశ్యం ఒక్కటున్నా అదృష్టమే. లేకపోతే అదే రకం పడవ ప్లాను నుంచి అడుగు ఆకారాన్ని తీసుకోవాలి, లేదా వాటర్‌లైన్ (నీటిమట్టం తాకే గీత) దగ్గర కోసేసి నమూనాను బల్ల మీద నిలపాలి. రెండోదే నిజాయతీ అని నా అభిప్రాయం. నీటి మీద నడిచే నమూనా కావాలంటే ఆ వెసులుబాటు లేదు. పైగా స్కేలును, అంటే నమూనా అసలు పడవలో ఎన్నో వంతు ఉండాలన్నదాన్ని, పొడవు చూసి కాక బరువు చూసి ఎంచుకోవాలి. 30 అడుగుల పడవ 1:24లో 381, 1:12లో 762 మిల్లీమీటర్లు. బరువు మాత్రం స్కేలు ఘనాన్ని బట్టి తగ్గుతుంది. 3 టన్నుల పడవ 1:24లో 217 గ్రాములే అవుతుంది, అందులోనే మోటారు, బ్యాటరీ, రిమోట్ సంకేతాలను అందుకునే రిసీవరు ఇమడాలి. 1:12లో 1.7 కిలోలు దాటుతుంది కనుక పని నడుస్తుంది.

చివరికి కొలతల పట్టిక రాసుకునేటప్పుడు ప్రతి అంకె పక్కనా అది ఏ ఫ్రేము నుంచి, ఏ కొలబద్దతో వచ్చిందో రాయాలి. రెండు వేర్వేరు కొలబద్దలు 2 శాతం లోపు ఏకీభవిస్తే ఆ అంకెను ఖాయం చేసుకోవచ్చు. 5 శాతం దాటితే సగటు తీయకుండా, ఏ కొలబద్ద వేరే లోతులో ఉందో వెతకాలి. 1:24లో ఒక మిల్లీమీటరు అసలు పడవలో 24 మిల్లీమీటర్లు, కాబట్టి అంతకంటే చిన్న తేడాల కోసం ఫ్రేములను మళ్లీ మళ్లీ తిరగెయ్యనక్కరలేదు. కమ్మీలు, తాళ్లు మాత్రం లెక్క ప్రకారం వెంట్రుకలంత సన్నగా వస్తాయి గనుక, దొరికే ఇత్తడి తీగల్లో వాటికి దగ్గరి మందాన్ని చూసి తెచ్చుకుంటే సరిపోతుంది.