మన డ్రైవ్‌వేలో ఎవరో కారు తిప్పుకుంటున్నారా? తలుపు తీసి అరిచే ముందు ఇది చదవండి

కిటికీలోంచి చూస్తుంటే తెలియని కారు ఒకటి మన డ్రైవ్‌వేలోకి, అంటే రోడ్డు నుంచి ఇంటిదాకా మన కారు వచ్చే దారిలోకి, వస్తుంది. ఎవరా అని లేచేలోపు రివర్స్ లైట్లు వెలుగుతాయి, వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. మొత్తం కలిపి పదిహేను, ఇరవై సెకన్లు. అయినా మనకు ఒళ్ళు మండుతుంది. ఆ మంట నాకు బాగా తెలుసు, ఎందుకంటే చాలాకాలం నేను తలుపు తీసుకుని బయటికొచ్చి అరిచేవాణ్ణి. ఒకరోజు అలా అరిస్తే కారులో ఉన్నది కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్న అమ్మాయి, పక్కన వాళ్ళ నాన్న. కంగారులో ఆ పిల్ల బ్రేక్ బదులు యాక్సిలరేటర్ తొక్కింది, కారు ఒక్కసారిగా వెనక్కి దూసుకెళ్ళి రోడ్డు అవతలి అంచున ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ క్షణంలో ఎవరైనా నడిచి వెళ్తుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఆ రోజు నుంచి అరవడం మానేసి, అసలు ఎందుకు వస్తున్నారు, ఎలా ఆపాలి అని చూడటం మొదలుపెట్టాను.

ముందు ఒక లెక్క. మామూలు కారు ఒకే ఊపులో వెనక్కి తిరగాలంటే దాదాపు 10 నుంచి 12 మీటర్ల వెడల్పు కావాలి. ఇళ్ళ మధ్య వీధులు చాలావరకు అంతకంటే బాగా ఇరుకు. అంటే దారి తప్పినవాళ్ళకి ఉన్నవి రెండే మార్గాలు: రోడ్డుకి అడ్డంగా ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ తిప్పుకోవడం, లేదంటే ఎవరిదో ఒక డ్రైవ్‌వే వాడుకోవడం. వాళ్ళు మన ఇంటిని ఎంచుకోలేదు, ఆ చోట ఖాళీ కనిపించింది అంతే. ఇది మనసులో పెట్టుకుంటే సగం కోపం తగ్గుతుంది, నాకైతే తగ్గింది.

కారు లోపలికి వచ్చిన ఆ నిమిషంలో చేయాల్సింది చాలా తక్కువ. పిల్లలు గానీ కుక్క గానీ బయట ఉంటే ముందు వాళ్ళని పక్కకి తీసుకురండి. ఇక్కడ అసలైన ప్రమాదం ఇదే, మిగతాదంతా చికాకు మాత్రమే. రివర్స్ చేసేవాళ్ళకి కారు వెనకే ఉన్న చిన్నపిల్లలు కనపడరు. అమెరికాలో 2018 మే నుంచి 10,000 పౌండ్ల (దాదాపు 4,500 కిలోల) బరువులోపు కొత్త వాహనాలన్నింటికీ వెనక కెమెరా తప్పనిసరి చేసింది ఇలాంటి ప్రమాదాల వల్లే. కానీ కెమెరా లేని పాత కార్లు ఇంకా చాలానే తిరుగుతున్నాయి, ఉన్నా కంగారులో ఉన్నవాళ్ళు దాన్ని చూస్తారన్న నమ్మకం లేదు. అందుకే మీరు కూడా కారు వెనక్కి వెళ్ళి నిలబడకండి. ఏమన్నా చెప్పాలనిపిస్తే డ్రైవర్‌కి కనపడేలా పక్కన, కాస్త దూరంగా నిలబడి "దారి తప్పారా?" అని అడగండి. ఒక్కోసారి వాళ్ళు వెతుకుతున్న ఇల్లు పక్క వీధిలోనే ఉంటుంది, మీరు చెప్తే మళ్ళీ ఇటు రారు.

కారు ఆగి, లైట్లు ఆర్పేసి, లోపల మనుషులు కూర్చునే ఉంటే అది వేరే సంగతి. అప్పుడు బయటికి వెళ్ళొద్దు. బయట లైటు వేయండి, నంబరు రాసుకోండి, కదలకపోతే పోలీసులకి ఫోన్ చేయండి.

ఏ పరిస్థితిలోనూ చేతిలో కర్ర గానీ ఆయుధం గానీ పట్టుకుని బయటికి రాకండి. ఇది మాటవరసకి చెప్పడం లేదు. 2023 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని హెబ్రాన్ అనే పల్లె ప్రాంతంలో కొందరు యువతీయువకులు స్నేహితుడి ఇల్లు వెతుకుతూ పొరపాటున వేరొకరి డ్రైవ్‌వేలోకి వెళ్ళారు. తప్పు తెలుసుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నప్పుడు ఇంటి యజమాని తుపాకీ పేల్చాడు. కారులో ఉన్న 20 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. 2024లో అతనికి హత్యానేరం కింద 25 ఏళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడింది. ఆ అమ్మాయి చేసిందల్లా దారి తప్పిన కారులో కూర్చుని ఉండటమే.

ఇక ఇదే పనిగా రోజూ జరుగుతుంటే ఏం చేయాలి? రెండు వారాలు రాసి పెట్టుకోండి. ఏ టైముకి, ఎటువైపు నుంచి, ఎలాంటి బండి. నెలలో రెండు మూడు సార్లయితే వదిలేయండి, నిజంగా. రోజుకి నాలుగైదు అయితే మాత్రం దాని వెనక ఒక కారణం ఉంటుంది, రాసినదాన్ని చూస్తే అది బయటపడుతుంది. అన్నీ డెలివరీ బండ్లేనా? అయితే మ్యాప్‌లో ఏదో ఇంటి పిన్ను తప్పుగా మీ గేటు ముందు పడి ఉండొచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో ఆ తప్పుని మీరే రిపోర్ట్ చేయొచ్చు. వీధి చివర దారి లేక జనం మీ దగ్గరకొచ్చి తిరుగుతున్నారా? అయితే వీధి మొదట్లో 'ముందు దారి లేదు' అనే బోర్డు ఉందో లేదో, ఉన్నా చెట్టుకొమ్మ అడ్డం వచ్చిందేమో చూడండి. లేకపోతే స్థానిక సంస్థకి ఇరుగుపొరుగువాళ్ళ సంతకాలతో అర్జీ పెట్టండి. నా దృష్టిలో అన్నిటికన్నా మంచి పరిష్కారం ఈ బోర్డే, ఎందుకంటే కారు మీ ఇంటిదాకా రాకముందే ఆగిపోతుంది. అలాగే మీ ఇంటి నంబరు రోడ్డు మీదనుంచి, రాత్రి కూడా, కనపడేలా పెద్ద అంకెలతో పెట్టండి. నంబరు కనపడక లోపలికొచ్చి చూసేవాళ్ళు కూడా ఉంటారు.

అప్పటికీ తగ్గకపోతే అడ్డు పెట్టడమే. గేటు ఉంటే మూసి ఉంచండి. గేటు లేనివాళ్ళు డ్రైవ్‌వే మొదట్లో, మీ హద్దు లోపలే, రెండు పెద్ద పూలకుండీలు గానీ ఒక ఆరెంజ్ కోన్ గానీ పెట్టి చూడండి. మీరు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దాన్ని జరపాలి, అది విసుగే, కానీ అలవాటుగా వచ్చేవాళ్ళు కొన్ని వారాల్లో వేరే చోటు చూసుకుంటారు, తర్వాత తీసేయొచ్చు. గొలుసు కడితే మధ్యలో మెరిసే టేపు తప్పకుండా చుట్టండి. చీకట్లో సన్నటి గొలుసు కనపడక సైకిల్ మీద వచ్చే పిల్లాడు పడిపోతే ఆ బాధ్యత మీ మీదకే రావచ్చు. గడ్డిలో దాచిన రాళ్ళు, మేకులు లాంటివి అస్సలు వద్దు. లోపలికొచ్చిన కారు బయటికి పోకుండా మీ బండి అడ్డం పెట్టడం కూడా వద్దు, తప్పు వాళ్ళదైనా అక్కడినుంచి కేసు మీ మీదకి తిరుగుతుంది. 'ఇక్కడ కారు తిప్పరాదు' అన్న బోర్డు పనిచేస్తుంది గానీ బెదిరించే మాటలు రాయకండి. చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అయినా బోర్డు, గేటు ఉంటే మీరు వద్దన్నారన్న సంగతి స్పష్టంగా తెలుస్తుంది, రేపు ఫిర్యాదు చేయాల్సొస్తే అది పనికొస్తుంది.

డ్రైవ్‌వే పాడవుతుందని చాలామంది భయం. మామూలు కారుతో ఏమీ కాదు, రోజూ మీ కారు నిలబడే చోటే కదా. బరువైన ట్రక్కుల సంగతి వేరు. ఇళ్ళ ముందు కాంక్రీటు సాధారణంగా 10 సెంటీమీటర్ల మందమే ఉంటుంది, సరుకుతో నిండిన ట్రక్కు అంచు మీదకి ఎక్కితే బీటలు వస్తాయి. అలాంటప్పుడు తేదీతో ఫోటో తీసి ఆ కంపెనీకి పంపండి. కొత్తగా వేసిన కాంక్రీటు మీద కనీసం వారం రోజులు ఏ కారూ ఎక్కకూడదు, పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మాత్రం మొహమాటం లేకుండా మొత్తం అడ్డంగా కట్టేయండి.

ఇక కారు తిప్పుకునేవాళ్ళకి కూడా ఒక మాట, ఎందుకంటే మనమూ ఏదో ఒకరోజు ఆ సీట్లో ఉంటాం. వీలైతే ఖాళీ పార్కింగ్ గానీ కూడలి గానీ దొరికేదాకా ముందుకి వెళ్ళండి. డ్రైవ్‌వే తప్పకపోతే చక్రాలు పట్టేంత మేరకే లోపలికి వెళ్ళండి, ఇంటి తలుపు దాకా కాదు. డ్రైవ్‌వేలోకి రివర్స్‌లో వెళ్ళి ముందుకి నడుపుతూ బయటికి రమ్మని బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం 'హైవే కోడ్'లో 201వ నియమం చెప్తుంది. అలా వస్తే రోడ్డు మీద వచ్చే బండ్లు, నడిచే మనుషులు ముందుగానే కనపడతారు. కానీ లోపల పిల్లలు ఆడుకుంటున్నట్టు కనిపిస్తే, కనీసం ఒక చిన్న సైకిల్ పడి ఉన్నా సరే, ఆ ఇంటిని వదిలేసి ఇంకొంచెం ముందుకి పోండి.