పాత కారు రిపేరు నేర్చుకుందాం, 3వ పాఠం: ఎండలో ఆగిపోయే బండి

పోయిన పాఠంలో పొద్దున స్టార్ట్ కాగానే ఆగిపోయే బండిని చూశాం. ఈసారిది దానికి తిరగబడ్డ కేసు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది, అరగంట హాయిగా పోతుంది, కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేసరికి టప్‌మని ఆగిపోతుంది, పావుగంట చెట్టు కింద కూర్చుని వస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. షెడ్డుకు తీసుకుపోతే అక్కడ బంగారంలా నడుస్తుంది. అందుకే ఈ జబ్బును రోడ్డు మీదే పట్టుకోవాలి. ఆగిన మొదటి ఐదు నిమిషాలే మనకు దొరికే టైం, ఇంజన్ చల్లబడితే ఇక ఏమీ తెలియదు. (చెప్పేదంతా మారుతి 800 లాంటి పాత కార్బొరేటర్ బండ్ల గురించి. కార్బొరేటర్ అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపేది.)

ముందు టెంపరేచర్ ముల్లు చూడండి. ఎర్ర గీత దాకా పోయి ఉంటే అది వేరే కథ, రేడియేటర్ మూత మాత్రం అప్పుడే తీయొద్దు, మొహం కాలుతుంది.

ముల్లు మామూలుగానే ఉందనుకుందాం. బండి ఎలా ఆగిందో గుర్తు చేసుకోండి. తాళం తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు అనుమానం: కాయిల్ (నిప్పురవ్వకు కావలసిన పెద్ద కరెంటు పుట్టించేది), డిస్ట్రిబ్యూటర్ (దాన్ని ప్లగ్‌లకు పంచేది), వదులైన వైరు. దగ్గుతూ, జర్కులిస్తూ, పికప్ చచ్చిపోయి ఆగితే పెట్రోల్ అందలేదని. ఇది అనుమానమే, రుజువు కాదు.

రుజువుకు ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ కేబుల్‌ను చేత్తో ఒక్కసారి లాగండి. సన్నటి ధారలా పెట్రోల్ చిమ్మితే కార్బొరేటర్ దాకా వస్తోందన్నమాట. చిమ్మకపోతే దొంగ పెట్రోల్ వైపే ఉన్నాడు. బీడీ, సిగరెట్ పక్కవాడి చేతిలో కూడా ఉండకూడదు.

పెట్రోల్ ఉంటే, ఎయిర్ ఫిల్టర్ మూత మళ్లీ బిగించి, ఆవిరి పోయాక కరెంటు చూడండి. ఒక స్పార్క్ ప్లగ్ వైరు పీకి, డిక్కీలో పెట్టుకున్న స్పేర్ ప్లగ్‌కు తగిలించి, ప్లగ్ లోహం ఇంజన్‌కు ఆనేలా పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో పట్టుకోండి, చేత్తో పట్టుకుంటే కొట్టే షాక్ జన్మలో మరిచిపోరు. నిప్పురవ్వ నీలంగా టిక్ టిక్‌మంటే మంచిదే. అసలు రాకపోయినా, ఎర్రగా నీరసంగా వచ్చినా ఎక్కువసార్లు కాయిలే. వేడికి లోపలి ఇన్సులేషన్ దెబ్బతిని పని మానేస్తుంది, చల్లారాక మళ్లీ చేస్తుంది.

పెట్రోల్ రాకపోతే? మన అనంతపురం, కర్నూలు ఎండలు తెలిసినవే కదా, 40 డిగ్రీలు దాటుతాయి, బానెట్ కింద ఇంకా ఎక్కువ. పెట్రోల్‌లో తేలిక భాగాలు 35 డిగ్రీల చుట్టూనే మరగడం మొదలుపెడతాయి. ఈ బండ్లలో పంపు ఇంజన్‌కే అంటుకుని ఉండి, వెనక ట్యాంకు నుంచి పెట్రోల్‌ను పీలుస్తుంది. పీల్చే పైపులో ఒత్తిడి తక్కువ, కాబట్టి అక్కడ ఆవిరి బుడగ త్వరగా కడుతుంది. పంపు ఆవిరిని లాగలేదు. తడిగుడ్డ పంపు మీద, పైపు మీద వేసి రెండు నిమిషాలు ఆగితే బండి అందుకుందా, జబ్బు అదే.

కానీ తడిగుడ్డ కంటే ముందు ట్యాంకు మూత తీయండి. ఈ మాట నాకు మూడు వేలు ఖర్చయ్యాక తెలిసింది. నా 1996 మోడల్ బండి అదే ఘాట్‌లో నాలుగుసార్లు ఆగింది. ఒక మెకానిక్ పంపు మార్చాడు, ఇంకొకాయన కార్బొరేటర్ కిట్ వేశాడు, అయినా ఆగింది. ఐదోసారి విసుగొచ్చి మూత తిప్పితే ఉష్‌మని గాలి లోపలికి పోయింది, సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్. పాత మూత బంకులో పోగొట్టుకుని బజారులో తాళం మూత కొన్నాను, దానికి గాలి పీల్చే రంధ్రమే లేదు. పెట్రోల్ తగ్గే కొద్దీ ట్యాంకులో గాలి లేని ఖాళీ (వాక్యూమ్) పెరిగి, పంపు ఎంత లాగినా రాలేదు. అరగంటకు ఆ ఖాళీ చాలినంత అయ్యేది, అప్పటికి ఘాట్ వచ్చేది. నేనేమో ఎండను, ఘాట్‌ను తిట్టుకున్నాను, గువ్వలచెరువు పాలకోవా తింటూ.

ఇంటి పని: ఈ ఆదివారం నీడలో, చల్లటి ఇంజన్ మీద ఆ రెండు పరీక్షలూ చేసి చూడండి. బాగున్న బండిలో ధార ఎలా చిమ్ముతుందో, నిప్పురవ్వ ఏ రంగులో ఉంటుందో ఒకసారి చూసుంటేనే రోడ్డు మీద తేడా పట్టగలరు. వచ్చే పాఠంలో సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కగానే ఆగిపోయే బండి.