కస్టడీ మీడియేషన్‌కు కూర్చునే ముందు

బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న కస్టడీ కేసులో ఫ్యామిలీ కోర్టు మిమ్మల్ని మీడియేషన్‌కో (మధ్యవర్తి ముందు రాజీ చర్చలకో) కౌన్సెలర్ దగ్గరికో పంపితే, వాయిదాకు ముందే ఇవి సరిచూసుకోండి.

• బిడ్డకు మాటలు నేర్పి పంపకండి. దీన్ని మించిన నష్టం లేదు. పెద్దల మాటలు పసినోట వినిపిస్తే కౌన్సెలర్‌కు ఇట్టే తెలిసిపోతుంది. కస్టడీ కేసుల్లో కౌన్సెలర్ నివేదికను జడ్జి చూడవచ్చని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది కూడా. అన్నిటికన్నా, ఇద్దరి మధ్య నలిగేది ఆ బిడ్డే.

• ఒప్పందంలో "బిడ్డను వీలున్నప్పుడు చూడొచ్చు" అన్న వాక్యానికి ఒప్పుకోకండి. ఏ వారం, ఎన్ని గంటలకు, ఎక్కడ అప్పగించాలి, వీడియో కాల్ ఎప్పుడు, సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు ఎవరి దగ్గర, అన్నీ రాయించండి. గొడవ మళ్లీ రాజుకునేది సాధారణంగా సెలవుల దగ్గరే.

• ఒకరు విదేశంలో ఉంటే బిడ్డ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండాలో ముందే తేల్చండి.

• బడి ఫీజు, వైద్యం ఖర్చు భరణంలో కలపకండి. తర్వాత లెక్క తెగదు.

• ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని హిందువులకు వర్తించే 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతుంది. అదే చట్టం బిడ్డ సంక్షేమాన్ని అన్నిటికంటే పైన పెట్టింది. వయసు ఒక్కటే చూసుకుని ధీమాగా ఉండకండి.

• సంతకాలతో ఆగకండి. ఒప్పందం కోర్టు ఆర్డరులోకి ఎక్కిందో లేదో చూసి, సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.