ఒంటరి వెబ్ డెవలపర్‌కి ఏ పనిముట్లు కావాలి?

రాజమండ్రిలో ఇంటి నుంచే వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను. కడియం నర్సరీల వాళ్లు, కల్యాణ మండపాల వాళ్లు, కోచింగ్ సెంటర్లు, డాలస్‌లో ఉండే మనవాళ్లు ఒకరిద్దరు నా క్లయింట్లు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లు “ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అన్నా?” అని అడుగుతుంటారు. కోడ్ రాయడానికి కొనాల్సిందేమీ లేదు. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్, మార్పుల చరిత్ర దాచే గిట్ ఉచితం. కోడ్‌ని ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపోజిటరీలు (ఇతరులకు కనిపించని కోడ్ ఫోల్డర్లు) కూడా 2019 నుంచి ఉచిత ఖాతాలోనే ఎన్నైనా పెట్టుకోవచ్చు. మన డబ్బు పోయేది కోడ్ దగ్గర కాదు. మాట దగ్గర, పాస్‌వర్డ్‌ల దగ్గర, వసూళ్ల దగ్గర.

ముందు మాట సంగతి. “చిన్న మార్పే కదండీ” అంటూ రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వస్తుంది. దాన్ని వాయిస్‌గానే వదిలేయకండి. విని, రెండు లైన్లలో టైప్ చేసి తిరిగి పంపండి: “మీరు అడిగింది గ్యాలరీలో వీడియోలు. ఇది కొటేషన్‌లో లేదు, రూ. 1,500 అదనం అవుతుంది. చేయమంటారా?” అటు నుంచి “ఓకే” వచ్చాకే పని మొదలుపెట్టాలి. అదే విషయాన్ని గూగుల్ షీట్స్‌లో ఒక వరుసగా ఎక్కిస్తాను: తేదీ, అడిగింది ఎవరు, కొటేషన్‌లో ఉందా లేదా, ఎంత అదనం. ఆ షీట్ లింకు క్లయింట్ దగ్గర కూడా ఉంటుంది, చూడటానికి మాత్రమే. పనుల జాబితా పెట్టుకునే ట్రెల్లో, నోషన్ లాంటి యాప్‌లు మంచివే. కానీ మొక్కలకు నీళ్లు పెట్టిస్తున్న నర్సరీ ఓనరు వాటిలో లాగిన్ అవుతాడని నేననుకోను.

కొటేషన్‌కి గూగుల్ డాక్స్‌లో ఒక్క పేజీ చాలు. ఎన్ని పేజీల సైటు, రాత ఎవరిస్తారు, ఫొటోలు ఎవరిస్తారు, మార్పులు ఎన్నిసార్లు అన్నవి తప్పకుండా ఉండాలి. ఫొటోలను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే నాణ్యత పోతుంది. వాటిని స్క్వూష్ అనే ఉచిత వెబ్ పనిముట్టులో, తక్కువ సైజులో ఉండే వెబ్‌పీ ఫార్మాట్‌కి మారిస్తే సైటు తేలికవుతుంది. తెలుగు పేజీలకు నోటో సాన్స్ తెలుగు ఫాంట్ వాడతాను. లైన్ హైట్ (లైన్ల మధ్య ఎడం) 1.6 కంటే తగ్గిస్తే వొత్తులు కింది లైను గుడులకు తగిలి చికాకుగా ఉంటుంది.

ఇక డొమైన్, అంటే సైటు అడ్రసు పేరు. అది క్లయింట్ పేరు మీద, ఆయన ఈమెయిల్‌తో, ఆయన కార్డుతోనే కొనిపించండి. మన ఖాతాలో ఉంటే రెన్యువల్ బాధ్యత ఏటా మన నెత్తిమీదే. డాట్‌కామ్ గడువు దాటి రిడెంప్షన్‌లో (డిలీట్ అయ్యాక తిరిగి విడిపించుకునే గడువులో) పడితే 30 రోజుల్లో, మామూలు రుసుముకు మించి కట్టి విడిపించుకోవాలి. ఆ టెన్షన్ మనకెందుకు? గూగుల్ క్యాలెండర్‌లో నెల ముందు రిమైండర్ పెట్టి, దానికి క్లయింట్‌ని కూడా జతచేయండి.

పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ ఉచిత ఖాతా సరిపోతుంది. క్లయింట్‌కొక ఫోల్డర్ చేసుకోండి. పాస్‌వర్డ్ పంపాల్సి వస్తే వాట్సాప్‌లో టైప్ చేయకుండా బిట్‌వార్డెన్ సెండ్ లింకు ఇవ్వండి, మనం పెట్టిన గడువుకి అదే చెరిగిపోతుంది. వర్డ్‌ప్రెస్ సైటైతే ఓనరు లాగిన్ అడగొద్దు, మన పేరుతో వేరే యూజర్‌ని చేయించుకోండి.

బ్యాకప్‌కి అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే వర్డ్‌ప్రెస్ ప్లగిన్. కాపీ క్లయింట్ గూగుల్ డ్రైవ్‌లోకే వెళ్లేలా పెట్టి, ఒకసారి మన కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను నమ్మను. సైటు పడిపోతే, సైట్లను కనిపెట్టి ఉండే అప్‌టైమ్ కూమా టెలిగ్రామ్‌లో చెబుతుంది. క్లయింట్ ఫోన్ చేసేలోపే మనకు తెలుస్తుంది.

వసూళ్లకు జోహో ఇన్‌వాయిస్ అనే బిల్లుల సాఫ్ట్‌వేర్ వాడతాను, ఉచితమే. కొటేషన్‌ని అలాగే ఇన్‌వాయిస్‌గా మార్చేయొచ్చు, బకాయి గుర్తుచేసే మెయిల్ అదే పంపుతుంది. బంధువుల ద్వారా వచ్చిన క్లయింట్‌ని నోరు తెరిచి అడగలేం కదా, అక్కడ ఇది ఎంత ఉపయోగమో! నా లెక్క 50 శాతం అడ్వాన్స్, డిజైన్ ఓకే అయ్యాక 30, సైటు లైవ్‌లోకి వెళ్లేముందు 20. లైవ్ అయ్యాక ఇస్తామంటే ఒప్పుకోను. సేవల మీద ఏడాదికి 20 లక్షల లోపు వచ్చేవాళ్లకి సాధారణంగా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్‌టీ వేయకూడదు. కంపెనీలు టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసుకుని ఇస్తే, అది మన పాన్ మీద జమైందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి. విదేశీ చెల్లింపులకు బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ పత్రాలు డ్రైవ్‌లో దాచిపెట్టండి, ఆడిటర్ గారు అడుగుతారు.

ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఒప్పుకుంటే జోహో ఇన్‌వాయిస్‌లోనే రికరింగ్ ఇన్‌వాయిస్ (దానంతటదే మళ్లీ మళ్లీ వెళ్లే బిల్లు) పెట్టండి. ఏమేం వస్తాయో ఆ బిల్లు కిందే రాయండి: అప్‌డేట్లు, బ్యాకప్, నెలకు రెండు చిన్న మార్పులు. కొత్త పేజీ కావాలంటే మళ్లీ కొటేషనే.