కుమ్మరి కంటితో నిశ్చల చిత్రం – నాలుగో పాఠం: మూతి, పాదం

గత పాఠంలో మూడు వస్తువులను బల్లపై అమర్చి, వెలుగు ఎడమ పక్కనుంచి పడేలా చూసుకున్నాం. ఈసారి వాటిలో గ్లేజు (కాలిస్తే గాజులా మెరిసే పూత) పూసిన మట్టి కూజా ఒక్కదాన్నే తీసుకుందాం. మట్టిపాత్రలతో పేరు తెచ్చుకున్న కళాకారుడు కుంచె పట్టి అదే కూజాను చిత్రించినప్పుడు, అది తన చేతుల మధ్య ఎలా పైకి లేచిందో ఎరిగి ఉంటాడు కనుక, మనకు కనిపించని వెనక భాగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాడు. ఈ రెండు పనులూ ఒకదానికొకటి దూరమైనవి కావు: ఆంగ్ల కుమ్మరి కళాకారుడు బెర్నార్డ్ లీచ్ 1909లో జపాన్ వెళ్ళింది ఎచింగ్ (లోహపు రేకుపై ఆమ్లంతో గీతలు చెక్కి బొమ్మలు అచ్చువేసే కళ) నేర్పే ఉద్దేశంతోనే, కానీ 1911లో ఒక రాకు (తక్కువ వేడిలో త్వరగా కాల్చే జపాన్ మట్టిపాత్రల పద్ధతి) విందులో పాత్రపై బొమ్మ వేశాక ఆయన మట్టివైపు మళ్ళాడు.

ముందుగా కాగితంపై ఒక నిలువు గీత గీయండి. కూజాను మలిచిన కుమ్మరి సారె తిరిగిన ఇరుసు అదే. మూతి, భుజం, పొట్ట, పాదం అన్నీ ఈ గీతకు ఇరువైపులా సమంగా ఉండాలి. గుండ్రని మూతి మన కంటికి దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. దాని కొసలు బాదంగింజలా మొనదేలకుండా గుండ్రంగానే తిరగాలి. మూతి వెనక అంచును కూడా పూర్తిగా గీసి, అక్కర్లేని చోట తర్వాత చెరిపేయండి.

ఎక్కువ మంది తప్పుచేసేది పాదం దగ్గర. కూజా బల్లమీద ఆనుతుంది కాబట్టి అడుగున అడ్డంగా సరళరేఖ గీసేస్తారు. మీ కన్ను కూజాకు 60 సెంటీమీటర్ల దూరంలో, మూతికి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. మూతి దీర్ఘవృత్తపు ఎత్తు దాని వెడల్పులో దాదాపు 45 శాతం ఉంటుంది. మూతికి 20 సెంటీమీటర్ల కిందనున్న పాదానికి అదే నిష్పత్తి 64 శాతం వరకు వస్తుంది. అంటే కంటి మట్టానికి దిగువకు వెళ్ళేకొద్దీ వంపు పెరగాలే తప్ప తగ్గకూడదు.

ఇక రంగు. కుండలు కాల్చే బట్టీలో కింది పలకకు అతుక్కోకుండా పాదంమీది గ్లేజును ముందే తుడిచేస్తారు; అందువల్ల అక్కడ మెరుపులేని ఉత్త మట్టి రంగు పట్టీలా మిగులుతుంది. మూతి అంచు దగ్గర కరిగిన గ్లేజు పలచబడి, లోపలి మట్టి రంగు సన్నగా తొంగిచూస్తుంది. నాకైతే ఈ రెండు వివరాలే కూజాకు ప్రాణమనిపిస్తుంది. సీసాల నిశ్చల చిత్రాలకు పేరొందిన ఇటలీ చిత్రకారుడు మొరాండీ మెరుపు నచ్చక తన సీసాలకు మెరుపులేని రంగు పూసి చిత్రించేవాడు. మనం మాత్రం మెరుపును ఉంచుకుందాం, కానీ భుజంపై ఒక్కచోటే, కిటికీ ఆకారాన్ని తలపించేలా, అన్నిటికన్నా చివర పెడదాం.

వచ్చే పాఠానికి ముందు అదే కూజాను మూడు వేర్వేరు ఎత్తులనుంచి, పెన్సిల్‌తో మాత్రమే, నీడలు వేయకుండా గీయండి. కూజా పిడిని బొమ్మలో ఇప్పుడే చేర్చకండి.