కమారోలో వెనక ఏమీ కనబడట్లేదా? అద్దాలు ఇలా పెట్టుకోండి

కొత్తగా షెవ్రొలే వాళ్ల స్పోర్ట్స్ కారు కమారో కొన్న ప్రతి ఒక్కరూ మొదటి నెలలోనే నాకు ఫోన్ చేసి ఒకటే అడుగుతారు, "వెనక ఏమీ కనబడట్లేదండీ, ఇన్నేళ్లుగా ఎలా నడుపుతున్నారు దీన్ని?" అని. నాది 2017 మోడల్, డాలస్ చుట్టుపక్కల రోజూ ఆఫీసుకి అదే బండి. నిజమే, కనబడదు. 2010 మోడల్‌తో మళ్లీ వచ్చిన ఐదో తరం కమారోని 1969 నాటి బండి పోలికలతో గీశారు. తలుపులు భుజాల దాకా లేచి ఉంటాయి, పైకప్పు నెత్తి మీదికి దిగి ఉంటుంది, మధ్యలో మిగిలిన కిటికీ పోస్టు డబ్బా నోరంత. 2016 మోడల్‌గా వచ్చిన ఆరో తరం బరువు తగ్గింది, మలుపుల్లో బంగారంలా తిరుగుతుంది, కానీ కిటికీలు మాత్రం పెరగలేదు. వెనక కిటికీ అద్దానికీ తలుపుకీ మధ్య ఉండే స్తంభం, అదే సి పిల్లర్, దాని వెనక ఒక చిన్న కారు మొత్తం దాక్కోగలదు.

2024 మోడల్‌తో తయారీ ఆపేశారు కాబట్టి ఇప్పుడు మనవాళ్లు కొంటున్నవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్ బళ్లు. కొన్నవాళ్లందరూ చేసేది ఒకే తప్పు. టొయోటా క్యామ్రీ లాంటి మామూలు కారులో అద్దాలు ఎలా పెట్టుకున్నారో ఇందులోనూ అలాగే పెట్టుకుని, ఆ తర్వాత కారుని తిడతారు. కింద చెప్పేది ఇలాంటివే అయిన ఫోర్డ్ మస్టాంగ్‌కీ, నిస్సాన్ 370జెడ్‌కీ కూడా పనికొస్తుంది.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఖాళీ పార్కింగ్ లాట్, ఒక మెత్తటి గుడ్డ, విసుక్కోకుండా అటూ ఇటూ నడిచే మనిషి ఒకరు, ఓ అరగంట. అవసరమైతే చివర్లో ఆటో స్టోర్‌లో దొరికే చిన్న గుండ్రటి అతికించే అద్దం ఒకటి.

ముందుగా సీటు

సీటు సరిచేయకుండా అద్దాలు ముట్టుకోవద్దు. కంటి చోటు మారితే అద్దంలో బొమ్మ మారుతుంది, పడిన శ్రమంతా వృథా. స్పోర్ట్స్ కారంటే పడుకుని నడపాలని ఎవరు చెప్పారో గానీ, వీపు నిటారుగా పెట్టి, నెత్తికీ పైకప్పుకీ మధ్య పిడికిలి పట్టేంత చోటు ఉంచి, మిగిలినదంతా సీటు పైకెత్తేయండి. ఆ రెండు మూడు అంగుళాలతోనే వెనక అద్దం కింది అంచు అవతల రోడ్డు ఇంకాస్త దొరుకుతుంది.

లోపలి అద్దం

కారు వెనక కిటికీ అద్దం మొత్తం అందులో పట్టేలా పెట్టండి, అంతే. ముఖం చూసుకోవడానికి తిప్పుకున్నది మళ్లీ సరిచేయడం మర్చిపోవద్దు. దానికి దేవుడి దండలు, నిమ్మకాయ మిరపకాయలు వేలాడదీయకండి. ఆంజనేయస్వామి డాష్‌బోర్డు మీద కూర్చున్నా కాపాడతాడు. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన సోనామసూరి బస్తా వెనక సీట్లో నిలబెట్టకుండా డిక్కీలో వేయండి. ఉన్న కంతే చిన్నది, దానికి బియ్యం అడ్డం పెట్టుకుంటే ఎలా?

ఇంకోటి, వెనక అద్దానికి నల్లటి ఫిల్మ్ వేయించకండి. టెక్సస్‌లో ముందు తలుపుల అద్దాలకే కనీసం 25 శాతం వెలుతురు లోపలికి రావాలన్న నిబంధన ఉంది, వెనకకి లేదు. లేదు కదా అని 5 శాతం ఫిల్మ్ వేయించుకుని రాత్రి వానలో ఫ్రీవే ఎక్కేవాళ్లని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

పక్క అద్దాలు: అందరూ చెడగొట్టేది ఇక్కడే

ఇది నిదానంగా చదవండి. చదివేసి "ఆ, తెలుసులే" అనుకునేవాళ్లే మళ్లీ ఫోన్ చేస్తారు.

మనకి డ్రైవింగ్ స్కూల్లో నేర్పింది ఏమిటంటే, పక్క అద్దంలో నాలుగో వంతు మన తలుపు కనిపించాలని. ఆ నాలుగో వంతు దండగ. మీ కారు ఎక్కడికీ పోదు, దాన్ని కాపలా కాయక్కర్లేదు. 1995లో జార్జ్ ప్లాట్జర్ అనే ఆయన అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘానికి ఇచ్చిన పత్రంలో లెక్కలు కట్టి చూపించింది ఇదే. పక్క అద్దాలు బాగా బయటికి తిప్పితే బ్లైండ్ స్పాట్, అంటే ఏ అద్దంలోనూ కనబడని గుడ్డి చోటు, చాలావరకు పోతుంది, వెనక బళ్ల హెడ్‌లైట్లు కళ్లలో కొట్టడమూ తగ్గుతుంది. మన బండి ఎత్తుకి వెనకొచ్చే ప్రతి పికప్ ట్రక్కు లైట్లూ సరిగ్గా అద్దంలోనే పడతాయి కాబట్టి ఆ రెండో లాభం చిన్నదేం కాదు. పద్ధతి సులువే. తల ఎడమ కిటికీకి తగిలేంతగా వంచి, మీ కారు పక్క భాగం లేశమాత్రం కనిపించేలా ఎడమ అద్దం తిప్పాలి. తర్వాత తల రెండు సీట్ల మధ్యకి వంచి కుడి అద్దం కూడా అలాగే పెట్టాలి.

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఇక్కడితో ఆపేస్తారు. క్యామ్రీకి ఇది చాలు. కమారోకి చాలదు, ఎందుకో చెప్తాను.

ఆ పద్ధతి మొత్తం లోపలి అద్దాన్ని నమ్ముకుని ఉంది. పక్క లేన్లో వెనకనుంచి వచ్చే బండి ముందు లోపలి అద్దంలో కనిపిస్తుందని, అక్కడ మాయమయ్యేలోపు పక్క అద్దంలోకి వస్తుందని, పక్క అద్దం దాటేలోపు కంటి చివరికి తగులుతుందని లెక్క. మన బండిలో వెనక అద్దం చిన్నది, రెండు వైపులా లావు స్తంభాలు, కాబట్టి లోపలి అద్దంలో కనిపించేది మన లేనూ, పక్క లేన్ల కొసలూ, అంతే. అలాంటి బండిలో పక్క అద్దాలు పూర్తిగా బయటికి తిప్పేస్తే తలుపు పక్కనున్న గుడ్డి చోటు పోతుంది గానీ దానికి కాస్త వెనకగా కొత్తది పుడుతుంది. ఓ గుంత పూడ్చి పక్కనే ఇంకో గుంత తవ్వినట్టు. అందులో మోటార్ సైకిల్ హాయిగా దాక్కుంటుంది.

కాబట్టి తల వంచి తిప్పడం మొదలు మాత్రమే. అసలు పని దాని తర్వాత.

కారు పార్కింగ్ గడిలో నిలబెట్టి ఇంజన్ ఆపేయండి, తాళం ఆన్‌లో ఉంటే చాలు, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. సాయానికి వచ్చిన మనిషిని మీ వెనక ఓ యాభై అడుగుల దూరంలో, ఎడమవైపు పక్క గడికి అవతలి గీత దగ్గర నిలబెట్టండి. ఫ్రీవే లేన్ వెడల్పు 12 అడుగులు, పక్క లేన్ మధ్యలో ఒక మోటార్ సైకిల్ వస్తే దాదాపు ఆ దూరంలోనే వస్తుంది. మనిషినే ఎందుకు నడిపించాలంటే, పికప్ ట్రక్కు ఎలా పెట్టినా ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది, అది కనిపించడం పరీక్ష కాదు.

ఇప్పుడు మీరు మామూలుగా, తల సీటుకి ఆనించి, ముందుకే చూస్తున్నట్టు కూర్చోండి. ఆ మనిషి ఆ గీత వెంబడి నెమ్మదిగా మీ తలుపు దాకా నడుస్తాడు. మీరు కళ్లు మాత్రమే కదపాలి. ఎక్కడ మాయమైతే అక్కడ "ఆగు" అనండి.

లోపలి అద్దం నుంచి జారిపోయి ఎడమ అద్దంలోకి ఇంకా రాలేదంటే అద్దం బయటికి ఎక్కువ తిరిగింది, లోపలికి తేవాలి. ఎడమ అద్దం దాటిపోయి కంటి చివరికి ఇంకా తగల్లేదంటే అద్దం బయటికి చాల్లేదు. బటన్ ఒక్కో నొక్కుగా నొక్కండి, పట్టుకుని కూర్చోవద్దు. అద్దం ఒక డిగ్రీ తిరిగితే చూపు రెండు డిగ్రీలు జరుగుతుంది, అందుకే కొంచెమే కదా అనుకున్నది చాలా అయిపోతుంది. ప్రతి మార్పు తర్వాతా ఆ మనిషిని మళ్లీ మొదటి నుంచి నడిపించండి. మా ఆవిడ తొమ్మిదిసార్లు నడిచింది, పదోసారి అడిగితే కారు అమ్మేయమంది.

నా లెక్కలో కమారోకి సరైన చోటు ఏదంటే, తల కిటికీకి పూర్తిగా ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచి వంచినప్పుడు కారు పక్క భాగం లేశం కనిపించే చోటు. మీ ఎత్తుని బట్టి అటూ ఇటూ అవుతుందని అంటారు. నేను సరిచేసిన ఏ బండిలోనూ కాలేదు.

ఇక్కడో చిక్కు. కొంతమందికి లోపలికి తెస్తే ముందు ఖాళీ, బయటికి తిప్పితే వెనక ఖాళీ, ఎలా పెట్టినా ఏదో ఒకచోట మనిషి మాయమవుతాడు. మీ తప్పు కాదు. అమెరికా నిబంధన ప్రకారం డ్రైవరు వైపు అద్దం చదునుగానే ఉండాలి, అందుకే ఎడమ అద్దంలో పట్టే రోడ్డు తక్కువ. ఇక్కడ కుడివైపుది మాత్రమే ఉబ్బెత్తు, ఇండియాలో చాలా కార్లకి రెండువైపులా ఉబ్బెత్తు అద్దాలే, బడిలో చదువుకున్న కుంభాకార దర్పణాలు. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లకి ఈ తేడా తెలియక, ఎడమ అద్దంలో బండి పెద్దగా కనిపిస్తే మీదికొచ్చేసిందని కంగారు పడతారు, కుడి అద్దంలో చిన్నగా కనిపిస్తే బోలెడు దూరముందని లేన్ మారిపోతారు. రెండోది ప్రమాదం. కుడి అద్దం మీద రాసి ఉండే హెచ్చరిక అలంకారానికి కాదు, అందులో కనిపించే బళ్లు నిజంగానే ఇంకా దగ్గరున్నాయి. కుడివైపు బండి ఉందా లేదా అన్నది కుడి అద్దంలో చూడండి, ఎంత దూరంలో ఉందన్నది లోపలి అద్దంలో చూడండి.

ఎలా పెట్టినా ఖాళీ మిగిలితే, అప్పుడే, ఎడమ అద్దం కింది బయటి మూలలో చిన్న అతికించే అద్దం పెట్టుకోండి. కుడివైపు వద్దు. ఉబ్బెత్తు మీద ఉబ్బెత్తు అతికిస్తే బండ్లు చీమల్లా కనిపిస్తాయి. అసలు పరీక్ష చేయకుండా ముందే రెండువైపులా అవి అతికించుకుని "నాకు ప్రాబ్లం లేదు" అనేవాళ్లతో నేను వాదించడం మానేశాను.

కుడివైపు కూడా ఇదే నడక, కాకపోతే అద్దం ఉబ్బెత్తు కాబట్టి రెండు మూడు సార్లలో అయిపోతుంది.

తర్వాత రోడ్డు మీద. ఆదివారం పొద్దున్న ఖాళీ ఫ్రీవే మీద కుడి లేన్లో ఒకే వేగంతో వెళ్తూ, ఎడమనుంచి దాటే బళ్లు అద్దం నుంచి అద్దానికి తెగకుండా వస్తున్నాయో లేదో చూసుకోండి. అద్దాలకేసి తేరిపార చూస్తూ కూర్చోవద్దు, ముందు బండిని గుద్దుతారు. పక్కన కూర్చున్నవాళ్లని "తెల్ల కారు, వెనక, ఎడమ" అని చెప్పమనండి, మీకు అది కనిపిస్తోందో లేదో మీరు చెప్పండి. మొదటి వారం అద్దంలో మీ కారు కనిపించక దారి తప్పినట్టు ఉంటుంది, లేన్ మారాలంటే టెన్షన్. ఆ వారంలోనే చాలామంది మళ్లీ పాత పద్ధతికి తిప్పేస్తారు. మా బావమరిది ఓ రోజు బండి అడిగి తీసుకెళ్లి, "బావా, ఇదేంటి, అద్దంలో నీ కారే కనిపించట్లేదు" అని మొత్తం లోపలికి తిప్పేశాడు. డాలస్‌లో 635 ఫ్రీవే మీద ఎడమకి జరగబోతే హారన్ మోగింది, చూస్తే కిటికీ పక్కనే మోటార్ సైకిల్. ఇంటికొచ్చి తాళం చేతికిచ్చి ఏమీ మాట్లాడకుండా నీళ్లు తాగాడు.

అద్దాలు ఎంత బాగా పెట్టినా తల తిప్పడం మానకూడదు. కాకపోతే భుజం మీదుగా పూర్తిగా వెనక్కి తిరగకండి, ఈ బండిలో అక్కడ కనిపించేది సి పిల్లరూ సీటు బెల్టూ మాత్రమే, పైగా మెడతో పాటు చెయ్యి తిరిగి స్టీరింగ్ కూడా తిరుగుతుంది. గడ్డం భుజానికి తగిలేంత చాలు, పక్క కిటికీలోంచి చూస్తే సరిపోతుంది. అనుమానం ఉంటే వీపు సీటు నుంచి ఓ నాలుగు అంగుళాలు ముందుకి తెచ్చి పక్క అద్దంలో మళ్లీ చూడండి. కన్ను ముందుకి జరిగితే అద్దంలో ఇంకాస్త బయటి భాగం కనిపిస్తుంది. పై ట్రిమ్, అంటే ఖరీదైన రకం, బళ్లలో పక్కన బండి ఉంటే అద్దం మీద వెలిగే హెచ్చరిక లైటు ఉంటుంది. నా దాంట్లో లేదు, ఉన్నా దాన్ని చూసి లేన్ మారను.

రివర్స్

1970లలో లాంబోర్గిని కౌంటాష్ వచ్చినప్పుడు వెనక ఏమీ కనబడక మొదటి బళ్లకి పైకప్పులో గాడి తీసి పెరిస్కోపు లాంటి అద్దం అమర్చారు, అందుకే వాటికి పెరిస్కోపియో అని పేరు. రివర్స్ చేయాలంటే మాత్రం తలుపు పైకెత్తి గడప మీద కూర్చుని వెనక్కి చూస్తూ నడిపేవాళ్లు. మనకంత ఖర్మ లేదు, కెమెరా ఉంది. 2018 మే 1 నుంచి అమెరికాలో అమ్మడానికి తయారైన ప్రతి కొత్త కారుకీ అది తప్పనిసరి. ముందు చెప్పిన గుడ్డతో దాని లెన్సు వారానికోసారి తుడవండి.

కెమెరా వెనకున్నది చూపిస్తుంది, పక్కనుంచి వచ్చేది చూపించదు. రెండు ఎస్‌యూవీల మధ్య నుంచి వెనక్కి రావడం ఈ బండిలో లాటరీ, అందుకే నేను ఎక్కడైనా రివర్స్‌లోనే లోపలికి పెట్టి ముక్కు బయటికి ఉంచుతాను. ఏటవాలు గీతల పార్కింగ్‌లో అలా పెట్టడం కుదరదు, అప్పుడు ఇంకా దూరం వెళ్లి వేరే చోటు చూసుకుంటాను, నడిస్తే అరిగిపోను.

ఈ పద్ధతిలో ఒక్క నష్టం ఉంది, దాచను. అద్దాలు బయటికి తిరిగి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్ అంచు పక్కన ఆపేటప్పుడు వెనక చక్రం కనిపించదు. నా కుడి వెనక రిమ్ము మీద గీతలన్నీ ఆ మొదటి ఏడాదివే. ఇప్పుడు అంచుకి అడుగున్నర దూరంలోనే ఆపుతాను.

అంతా కుదిరాక, తల ఉండే చోట ఫోన్ పెట్టి మూడు అద్దాలకీ ఒక్కో ఫొటో తీసుకోండి. ఇంటి ముందు బండి రోజూ ఆపే చోటే తీయాలి, అప్పుడే గోడ అంచు, చెట్టు, పక్కింటి మెయిల్ బాక్సు ఎక్కడెక్కడ పడాలో తెలుస్తుంది. కార్ వాష్ నుంచి వచ్చినా, వాలే పార్కింగ్ కుర్రాడు సీటు జరిపినా, బావమరిది మళ్లీ అడిగినా, ఫొటో చూసుకుంటూ రెండు నిమిషాల్లో సరిచేసుకోవచ్చు.