పిల్లుల ఉదర స్కానింగ్ – 5వ పాఠం: పైత్యరస నాళాన్ని చివరి వరకూ అనుసరించడం

గత పాఠంలో కాలేయాన్నీ పిత్తాశయాన్నీ గుర్తుపట్టడం వరకు వచ్చాం. ముసలి పిల్లికి కామెర్లు వచ్చినప్పుడు, పైత్యరసం పేగులోకి దిగే దారిలో అడ్డు పడిందా లేదా అన్నది తేల్చుకోవడమే ఈ పాఠం.

గుంటూరు అరండల్‌పేట నుంచి 13 ఏళ్ల పిల్లిని తెచ్చారనుకుందాం. "ఎండలకు తిండి మానేసిందనుకున్నామండీ, ఇప్పుడు పాలు కూడా ముట్టడం లేదు" అంటారు ఇంటివాళ్లు. మే నెలలో మన ఊళ్లలో తరచూ వినపడే మాటే ఇది. అలా వారం గడిస్తే చిక్కు పెరుగుతుంది, ఎందుకంటే పస్తున్న పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని, అడ్డేమీ లేకుండానే కామెర్లు రావచ్చు. బిలిరుబిన్ (కామెర్ల పసుపు రంగుకు కారణమయ్యే పదార్థం) రెండింటిలోనూ పెరుగుతుంది కనుక రక్తపరీక్ష ఒక్కటే సరిపోదు, నాళాన్ని కళ్లతో చూడాలి.

పిల్లిని వెల్లకిలా గాని, కుడి పక్క పైకి వచ్చేలా గాని పడుకోబెట్టి, కుడివైపు పక్కటెముకల వెనుక వెంట్రుకలు తీసి, ఎక్కువ ఫ్రీక్వెన్సీ ప్రోబ్ పెట్టండి. పిత్తాశయపు మెడ దగ్గర మొదలుపెట్టి అక్కడి నుంచి నాళాన్ని వదలకుండా వెళ్లాలి. పైత్యరస నాళం పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) పక్కనే, ప్రోబ్‌కు దగ్గరగా సాగుతుంది. రెండూ నల్లని గొట్టాల్లాగే కనిపిస్తాయి కనుక రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ వేయండి: రంగు నిండినది సిర, నిండనిది నాళం. లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్ల వరకు ఉంటే మామూలే, 5 దాటితే అడ్డును గట్టిగా అనుమానించాలి. ఉబ్బిన నాళం పిల్లుల్లో పాములా మెలికలు తిరుగుతుంది. అడ్డంగా కోసినట్టు చూస్తే మూడు నాలుగు గుండ్రటి రంధ్రాలు కనిపించి, కొత్తవాళ్లు వాటిని తిత్తులనుకుంటారు. ప్రోబ్‌ను మెల్లగా తిప్పితే అవి ఒకదానితో ఒకటి కలుస్తాయి.

పిత్తాశయం ఉబ్బలేదు కదా అని స్కానింగ్ ముగించడం నేను తరచూ చూసే పొరపాటు. పిల్లుల్లో నాళం మూసుకుపోయినా పిత్తాశయం మామూలు సైజులోనే ఉండవచ్చు. అది రెండు తమ్మెలుగా ఉండటం కూడా జబ్బు కాదు.

అసలు సమాధానం తరచూ నాళం ఆంత్రమూలంలో (చిన్నపేగు మొదటి భాగంలో) తెరుచుకునే చోట దొరుకుతుంది. పిల్లిలో క్లోమనాళం సాధారణంగా అక్కడే పైత్యరస నాళంతో కలుస్తుంది కనుక, క్లోమం వాచినా పైత్యరసం దారి నొక్కుకుపోతుంది. స్కాన్‌లో క్లోమం నల్లగా కనిపించి, చుట్టూ కొవ్వు తెల్లగా మెరుస్తుంటే వాపును తలచుకోండి. తెల్లని చుక్క కింద నల్లని నీడ పడితే రాయి కావచ్చు. ఆ చివర గడ్డ ఉంటే, ఈ వయసులో కేన్సర్‌ను పక్కన పెట్టలేం. పేగులో గాలి అడ్డొస్తే ప్రోబ్‌తో సున్నితంగా నొక్కండి, లేదా పిల్లిని మరో పక్కకు తిప్పండి.

ఒకప్పుడు నాళం వాచి తగ్గిన పిల్లుల్లో వెడల్పు అలాగే మిగలవచ్చు. అందువల్ల బిలిరుబిన్ మామూలుగా ఉండి నాళం మాత్రమే కొంచెం పెద్దదిగా ఉంటే తొందరపడి ఆపరేషన్ మాట ఎత్తవద్దు. అడ్డు ఉందని తేలిన పిల్లికి, రక్తం గడ్డకట్టే పరీక్ష చేయకుండా నమూనా కోసం కడుపులోకి సూది గుచ్చవద్దు. పైత్యరసం పేగుకు చేరనప్పుడు కె విటమిన్ ఒంటికి పట్టదు, రక్తస్రావం ఆగదు. ముందుగా ఆ విటమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి.

వచ్చే పాఠానికి ముందు, ఆరోగ్యంగా ఉన్న మూడు పిల్లుల్లో నాళాన్ని పిత్తాశయపు మెడ నుంచి ఆంత్రమూలం దాకా అనుసరించి, కొలతలు రాసి ఉంచుకోండి.